మంగు మచ్చలూ, ఉమ్మడి ఫోటో నిబంధనలూ

మార్చి 10, సోమవారం

ఉపోద్ఘాతం. డైరీ రాయదలచిన ప్రతి వ్యక్తీ ముందుగా అది ఎందుకు రాస్తున్నాడో, ఎంతవరకు రాస్తాడో, ఎవరికి చూపించడో లిఖితపూర్వకంగా నిర్ణయించుకోవడం సక్రమమైన పద్ధతి. ఈ పద్ధతి పాటించని డైరీలు మూడో వారానికల్లా చాకలిపద్దుగానో, మరీ విషమిస్తే కవిత్వంగానో మారిన దాఖలాలున్నాయి. కనుక కామరాజు అనే నేను, వయసు యాభై రెండు, లక్డీకాపూల్‌లోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో పింఛన్ల సెక్షన్ సూపరింటెండెంట్‌ని, అమీర్‌పేట కాపురస్తుణ్ణి, ఈ పుస్తకాన్ని కింది షరతులకు లోబడి ప్రారంభిస్తున్నాను. ఒకటి: దీన్ని నేను తప్ప ఎవరూ చదవరాదు. రెండు: ఇందులో నిజమే ఉండాలి. మూడు: రెండో షరతు ఇబ్బందికరమైన చోట తేదీ వేసి ఊరుకోవచ్చు.

విషయం. ఈ ఉదయం గడ్డం గీసుకుంటుండగా రెండు చెంపల మీదా గోధుమరంగు మచ్చలు కనబడ్డాయి. సబ్బుతో కడిగాను, పోలేదు. తువ్వాలుతో రుద్దాను, పోలేదు సరికదా మరింత స్పష్టపడ్డాయి. వీటిని మంగు అంటారు. ఇది ఆడవాళ్ళకు వచ్చేది. కనుక నాకు వచ్చింది మంగు కాదు, పంజాగుట్ట సిగ్నల్ దగ్గర స్కూటర్ మీద రోజూ తినే దుమ్ము.

ఈ విషయం నన్ను ఏమాత్రం కలవరపెట్టలేదని నమోదు చేస్తున్నాను.

మార్చి 11

కలవరపెట్టలేదు. అద్దం చూసినది పదకొండుసార్లు.

మార్చి 13, గురువారం

సర్క్యులర్ వెలువడింది. యాభై దాటిన ఉద్యోగులందరూ పింఛను పత్రాల నిమిత్తం జీవిత భాగస్వామితో కలిసి దిగిన ఉమ్మడి ఫోటోను జూన్ 30 లోగా మా సెక్షన్‌లో దాఖలు చేయాలి. చేయనివారి పేర్లు నా సంతకంతో నోటీసు బోర్డు మీద అంటించబడతాయి. ముసాయిదా నాదే. రెండో నిబంధన: ఫోటోలో నోరు మూసి ఉండవలెను, పళ్ళు కనిపించరాదు. నాలుగో నిబంధన: మచ్చలు చెరిపి, రంగు తేల్చిన ఫోటోలు తిరస్కరించబడును. పై అధికారి చదవకుండానే సంతకం పెట్టారు. పదహారేళ్ళుగా నేను రాసింది ఆయన స్థానంలో ఎవరూ చదవలేదు, అందుకే అందులో తప్పులు లేవు.

మధ్యాహ్నానికే సీనియర్ అసిస్టెంట్ మొగిలయ్య తన ఫోటో తెచ్చాడు. దంపతులిద్దరూ పెళ్ళిపత్రిక మీది బొమ్మల్లా తెల్లగా మెరుస్తున్నారు. పైగా అతని భార్య బుచ్చమ్మ ముప్పై రెండు పళ్ళతో నవ్వుతోంది.

"రెండో నిబంధన, నాలుగో నిబంధన," అని తిప్పి పంపాను.

"సార్, మచ్చలంటే మళ్ల దిగుతం. నవ్వు ఎట్ల ఆపాలె సార్? మా బుచ్చమ్మ తద్దినం నాడు సుత నవ్వుతది."

నిబంధన నిబంధనే అన్నాను.

మార్చి 17, సోమవారం

నేనే దాఖలు చేయవలసిన ఫోటో విషయమై ఇంట్లో నా భార్య అరుణాదేవిని సంప్రదించాను. ఆమె చిక్కుళ్ళు ఒలుస్తోంది.

"ఫోటోకా? మీతోనా?"

"ఉమ్మడి ఫోటో అంటే నాతోనే."

"నేను రానండీ."

అంతే. చిక్కుడు గింజ గిన్నెలో పడిన చప్పుడు తప్ప తదుపరి ఉత్తర్వులు లేవు. 2006 జూన్ తరువాత ఆమె నా పక్కన ఏ ఫోటోకూ నిలబడలేదు. మా అమ్మాయి మంజూష పట్టా పుచ్చుకున్న రోజున కూడా ఫోన్ చేతిలోకి తీసుకుని, "నేను తీస్తాను, మీరు నిలబడండి," అంది. కారణం నాకు తెలియదు.

మార్చి 18

తెలియదు.

మార్చి 20, గురువారం

అమీర్‌పేట కూడలి దాటాక సందులో సురేందర్ మెడికల్ షాపు. మిత్రుడొకరి కోసమని చెప్పి మచ్చల మందు అడిగాను. సురేందర్ నా మిత్రుడి చెంపలను నిశితంగా పరిశీలించి, "మస్తు క్రీమున్నది అన్న. పదిహేను దినాలల్ల మీ దోస్తు మొఖం అద్దం లెక్క అయితది. ఫికర్ జెయ్యకు," అని చిన్న ట్యూబు ఇచ్చాడు. డాక్టర్ చీటీ ఏదీ అడగలేదు. సేవాభావం గల మనిషి.

ఏప్రిల్ 3, గురువారం

అద్భుతం. మచ్చలు లేవు. లేకపోవడమే కాదు, ముఖం తళతళలాడుతోంది. మెట్రో స్టేషన్ కింద ఒక కోచింగ్ సెంటర్ కుర్రవాడు నాకు జావా కోర్సు కరపత్రం ఇచ్చాడు. ఏడేళ్ళుగా ఆ మెట్ల కింద నడుస్తున్నాను, నన్ను నిరుద్యోగ యువకుడిగా గుర్తించడం ఇదే మొదటిసారి. కరపత్రాన్ని మడిచి భద్రపరిచాను.

ఏప్రిల్ 4

ఇంకో కరపత్రం. పైథాన్.

ఏప్రిల్ 7, సోమవారం

ఆఫీసులో లిఫ్ట్ బదులు మెట్లెక్కాను, రెండేసి చొప్పున. మూడో అంతస్తులో కొంతసేపు గోడ పట్టుకుని నిలబడవలసి వచ్చింది కానీ ముఖం మాత్రం వెలుగుతూనే ఉంది. రోజుకు రెండుసార్లు రాస్తే ఇంత బాగుంటే నాలుగుసార్లు రాస్తే ఎలా ఉంటుందన్న పరిశోధన చేపట్టాను. అరుణ రెండుసార్లు నా వైపు చూసింది. ఆమె చూపులో మెచ్చుకోలు ఉన్నట్లు తోచింది.

ఏప్రిల్ 11, శుక్రవారం

ట్యూబు అయిపోయింది. సురేందర్ షాపు మూసి ఉంది, ఏదో పెళ్ళికి ఊరెళ్ళాడట. పరవాలేదు. పని పూర్తయింది.

ఏప్రిల్ 15, మంగళవారం

పని పూర్తి కాలేదు. ముఖం మండుతోంది. చెంపలు మిరపపండులా ఎర్రబడ్డాయి, ఎరుపు కింద పాత మచ్చలు వెనుకటికంటే నల్లగా, విస్తీర్ణం పెంచుకుని తిరిగి వచ్చాయి. అనుమతి లేకుండా ముక్కు పైవైపుకు కూడా పాకాయి.

ఏప్రిల్ 16, బుధవారం

భోజనాల గదిలో అందరూ ఉండగా మొగిలయ్య నన్ను చూసి, "అయ్యో సార్, మొఖం మీద చాయ్ ఒలికిందా ఏంది? జర తుడుసుకోండ్రి," అన్నాడు.

పదిమందీ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. డబ్బాలు మూసుకుంటూ నవ్వే మామూలు నవ్వు. నేను కూడా నవ్వాను. తుడుచుకున్నట్టు నటించాను కూడా. తరువాత పెరుగన్నం గొంతు దిగలేదు.

రెండో షరతు ప్రకారం ఇప్పుడొకటి నమోదు చేయాలి.

2006 జూన్. మంజూషను బడిలో చేర్చడానికి తల్లిదండ్రులతో కలిసిన ఫోటో కావాలన్నారు. అమీర్‌పేటలోనే, పోచయ్య ఫోటో స్టూడియో. మంజూష కడుపులో ఉండగా అరుణ చెంపల మీద వచ్చిన మంగు అప్పటికి నాలుగేళ్ళయినా పోలేదు. జాజికాయ పాలలో అరగదీసి పూసుకునేది, ఎండకు గొడుగనీ, నీడనీ ఏదో లెక్క పాటించేది. పోచయ్య నన్ను అడిగాడు: "సార్, అమ్మ మొఖం మీది మచ్చలు తీసేయాల్నా?"

నేనన్నాను: "తీసేస్తే ఇంక ముఖంలో ఏం మిగులుతుందయ్యా?"

బెంచీ మీద కూర్చున్నవాళ్ళందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువసేపు నేను నవ్వాను. అరుణ నవ్విందో లేదో చూడలేదు.

కారణం నాకు తెలుసు.

ఏప్రిల్ 19, శనివారం

పంజాగుట్టలో చర్మవైద్యురాలు డాక్టర్ నవీన. వయసు ముప్పై అయిదు ఉండవచ్చు. బయట పద్దెనిమిది మంది కూర్చున్నారు, అందులో ఏడుగురు మగవాళ్ళు, ఏడుగురూ భార్య కోసం వచ్చినట్టు నటిస్తున్నారు. నేను ఎనిమిదోవాణ్ణి.

ఖాళీ ట్యూబు చూపించాను. ఆమె దాన్ని రెండు వేళ్ళతో, చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు పట్టుకుంది.

"గిది ఎవరిచ్చిండ్రు సార్?"

"ఒక సేవాభావి."

"ఇందులో స్టెరాయిడ్ ఉంది. మొదలు మెరుస్తది, ఆపంగనే మండుతది, మచ్చ డబుల్ అయితది. రోజుకు ఎన్నిసార్లు రాసిండ్రు?"

"సేవాభావి ఉత్తర్వు ప్రకారం రెండు. పరిశోధన నిమిత్తం నాలుగు."

ఆమె తలపట్టుకుంది. తరువాత ఓపికగా చెప్పింది. మంగు దుమ్ము కాదు, మురికి కాదు, రుద్దితే పోదు, రుద్దినకొద్దీ ముదురుతుంది. ఎండ, వంటింటి సెగ, గర్భధారణ, కొన్ని మాత్రలు, వంశం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. మగవాళ్ళకు తక్కువ, కానీ రాదని రాసిచ్చినవాళ్ళెవరూ లేరు. ముందు మంట తగ్గడానికొక మందు, తరువాత మచ్చకు మెల్లగా పనిచేసే మరొకటి, అన్నిటికంటే ముందు సన్‌స్క్రీన్.

"పూర్తిగా ఎప్పటికి పోతుంది డాక్టర్‌గారూ? జూన్ ముప్పై లోగా?"

"సార్, ఇది బీపీ లెక్క. పోగొట్టుడు కాదు, కాపాడుకునుడు. నెలలు పడతది. పోయినంక సుత ఎండల తిరిగితే మళ్ల వస్తది. తిట్టకుండ, గోకకుండ, రోజూ చూస్కోవాలె."

తిట్టకుండా, గోకకుండా, రోజూ చూసుకోవాలి. ముప్పై రెండేళ్ళ సర్వీసులో ఇంత స్పష్టమైన ఉత్తర్వు నాకు అందలేదు.

ఏప్రిల్ 21, సోమవారం

సన్‌స్క్రీన్ అమలు ప్రారంభం. చూపుడువేలు, మధ్యవేలు, రెండిటి పొడవునా పిండి ముఖానికీ మెడకూ పూయాలి. నాది లేత గోధుమరంగు కలిసిన రకం, వెలుతురుకు కూడా అడ్డుపడుతుందట. బయట ఉంటే రెండు గంటలకొకసారి మళ్ళీ. స్కూటర్‌కు సెలవు, అమీర్‌పేట నుంచి లక్డీకాపూల్‌కు మెట్రో. నా కుర్చీ కిటికీ పక్క నుంచి ఇనుప బీరువా పక్కకు మార్చబడింది. కారణం: పరిపాలనా సౌలభ్యం.

సన్‌స్క్రీన్ ట్యూబును పాత పింఛను ఫైలులో, 'మృతుల కేసులు' అని రాసి ఉన్నదాంట్లో దాచి, ఆ ఫైలును నా సంచీలో పెట్టుకున్నాను. ఆ ఫైలు ఎవరూ తెరవరు.

ఏప్రిల్ 27, ఆదివారం

అరుణ తెరిచింది. ఇస్త్రీకి వేయాల్సిన చొక్కా కోసం వెతుకుతూ నా సంచీ దులిపితే ఫైలు పడింది, ఫైలులోంచి ట్యూబు పడింది.

"ఏంటండీ ఇది?"

"అది... ఒక మృతుడి కేసు."

ఆమె మూత తీసి, వాసన చూసి, నా ముఖం చూసి, "ఎంత పూస్తున్నారు?" అంది.

"ఒక కందిగింజంత. దుబారా కాకుండా."

"కందిగింజతో ముక్కు కూడా మునగదు." నా చెయ్యి పట్టుకుని రెండు వేళ్ళ మీదా గీతలు గీసినట్టు పిండింది. "రుద్దకండి. అద్దండి. అద్దమంటే పుణుకులకు పిండి కలిపినట్టు కాదు. ఇలా. చెవుల దగ్గర వదిలేశారు. మొన్నటి నుంచీ మట్టి అలికిన గోడలా తిరుగుతున్నారు, అడుగుదామనుకుంటూనే ఉన్నా."

"నీకెప్పటినుంచి తెలుసు?"

"మీకు కరపత్రాలు వచ్చినప్పటినుంచి. పుస్తకంలో పెట్టి దాచుకున్నారు కదా. ఆ మెరుపేంటో నాకు తెలీదా? మా చెల్లెలు అలాంటి మెరుపు క్రీమే వాడి ఆరు నెలలు ఏడ్చింది. చెప్పినా మీరు వినరని ఊరుకున్నా."

అంటే ఆ చూపులో ఉన్నది మెచ్చుకోలు కాదు. పాత నమోదును ఇందుమూలంగా సవరిస్తున్నాను.

ఏప్రిల్ 30

ఉదయం ఇద్దరం ఒకే అద్దం ముందు పూసుకున్నాం. మోచేతులు తగిలాయి. ఆమె నా ముక్కు మీద అదనంగా ఒక చుక్క పెట్టి, పూయకుండా వెళ్ళిపోయింది. ఆ చుక్కతోనే ఖైరతాబాద్ దాకా వెళ్ళాను. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ గంధపు బొట్టనుకుని దణ్ణం పెట్టింది.

మే 6, మంగళవారం

నేను గొడుగు వేసుకుని పాలకు వెళ్ళాను. పువ్వుల గొడుగు. వాచ్‌మన్ నవ్వాడు. నేను నవ్వలేదు, ఎందుకంటే గొడుగు కింద అరుణ ఉంది.

మే 11, ఆదివారం

బాల్కనీలో పొద్దున్నే ఆమె కరివేపాకు దూస్తుండగా, పగటి వెలుతురులో, సుమారు రెండడుగుల దూరం నుంచి, నేను అరుణ ముఖం చూశాను.

మంగు లేదు. చెంపల మీద లేదు, నుదుటి మీద లేదు. పై పెదవి మీద చిన్న నీడలాంటిది ఉంది, అది కూడా తెలిసినవాడు వెతికితేనే.

"అరుణా, నీ మచ్చలేవి?"

"ఏ మచ్చలు?"

"మంగు."

"పోయి ఏడేళ్ళయిందండీ." కరివేపాకు రెమ్మ పక్కన పడేసింది. "మంజూష ఇంటర్‌లో ఉండగా."

ఏడేళ్ళు. ఏడేళ్ళుగా ఒకే కంచం పక్కన ఇంకో కంచం. మా సెక్షన్‌లో అయితే ఏడేళ్ళ పాటు తనిఖీ జరపని అధికారి మీద క్రమశిక్షణ చర్య ఉంటుంది.

మే 12

మే 13, మంగళవారం

క్షమాపణ ముసాయిదా ఒకటి: 'సూచిక: 2006 జూన్ నాటి మౌఖిక వ్యాఖ్య. సదరు వ్యాఖ్య వలన కలిగిన అసౌకర్యానికి...' చించేశాను.

ముసాయిదా రెండు: 'పైన ఉదహరించిన విషయమై ఈ కింద సంతకం చేసినవాడు...' చించేశాను.

ముసాయిదా మూడు లిఖితపూర్వకం కాదు. వంటింట్లోకి వెళ్ళి, స్టవ్ సెగకు రెండడుగుల దూరంలో నిలబడి చెప్పాను. "ఆ రోజు పోచయ్య దగ్గర నేనన్నది తప్పు. మొగిలయ్య నా ముఖం మీద చాయ్ ఒలికిందా అన్నాడు. ఒక్కసారికే అన్నం దిగలేదు. నీకు ఎన్నిపూటలు దిగలేదో నేను అడగలేదు."

ఆమె పోపు మాడనిచ్చింది. ఇంటి చరిత్రలో మొదటిసారి.

"పక్కకు జరగండి, సెగ తగులుతుంది," అంది.

జూన్ 16, సోమవారం

నోటీసు బోర్డు మీద అంటించవలసిన జాబితా సిద్ధం చేశాను. అందులో ఇద్దరే మిగిలారు. మొగిలయ్య: నాలుగు ఫోటోలు తెచ్చాడు, నాలుగింటిలోనూ బుచ్చమ్మ నవ్వింది. రెండో పేరు నాది. సంతకం కూడా నాదే. నా మచ్చలు సగం తగ్గాయి, ఎరుపు పోయింది. ఫోటో మాత్రం లేదు. అరుణను మళ్ళీ అడగలేదు. ఈసారి అడిగే అర్హత నాకు లేదు.

జూన్ 19, గురువారం

ఆమే అడిగింది.

"ఆ ఫోటో ఎప్పటిలోగా ఇవ్వాలి?"

"ముప్పై."

"ఆదివారం వెళ్దాం. రెండు షరతులు. పోచయ్య స్టూడియోకే వెళ్ళాలి. అక్కడ మీరు నోరు విప్పకూడదు. ఒక్క మాట కూడా."

అంగీకరించాను. నోరు విప్పకుండానే.

జూన్ 22, ఆదివారం

పోచయ్య ముసలివాడయ్యాడు, స్టూడియో చిన్నదయింది, బెంచీ అదే. బెంచీ మీద ఆరుగురు. ఇద్దరం సన్‌స్క్రీన్ పూసుకుని, ఒకే గొడుగు కింద వెళ్ళాం. పోచయ్య మమ్మల్ని నిలబెట్టి, సరిచూసుకోవడానికి ఒక ఫోటో తీసి, కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి చూశాడు. తెర మీద నా చెంపలు, వాటి మీద మిగిలిన మంగు, గోడంత ఎత్తున.

అతను నా వైపు చూడనే లేదు. నేరుగా అరుణను అడిగాడు.

"అమ్మా, సార్ మొఖం మీది మచ్చలు తీసేయాల్నా?"

బెంచీ మీది ఆరుగురూ తలెత్తారు. ఆమె ఏమనబోతోందో నాకు అక్షరం అక్షరం తెలుసు. ఆ వాక్యం ముసాయిదా నాదే. పందొమ్మిదేళ్ళు ఆమె దగ్గర భద్రంగా ఉంది.

అరుణ చీర కొంగు సర్దుకుంది. తొందరపడలేదు.

"తీసేస్తే ఇంక ముఖంలో ఏం మిగులుతుంది పోచయ్యా?"

బెంచీ పగలబడి నవ్వింది. ఒకాయన దగ్గు తెచ్చుకున్నాడు. పోచయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అరుణ నా వైపు తిరిగి, కళ్ళలోకి చూస్తూ అడిగింది. "ఎలా ఉందండీ?"

అరుణ పెట్టిన రెండో షరతు ప్రకారం నేను మాట్లాడరాదు. చాలా బాగుందని తలాడించాను. చెడ్డగా ఉందని అడ్డంగా కూడా ఆడించాను. రెండూ ఒకేసారి ఆడించబోయి మెడ పట్టేసింది. అప్పుడు నవ్వింది అరుణ. నోరు తెరిచి, కళ్ళు మూసి, నా భుజం పట్టుకుని, వంగిపోయి నవ్వింది. నా నోరు కూడా తెరుచుకుంది. మాట మాత్రం రాలేదు, షరతు ఉల్లంఘన జరగలేదు.

ఆ క్షణాన పోచయ్య మీట నొక్కాడు.

"మళ్ల తీస్త అమ్మా, గిండ్ల ఇద్దరి పండ్లు కనవడ్తున్నయ్."

"వద్దు," అంది అరుణ. "పందొమ్మిదేళ్ళకు ఒకటి చాలు. ఇదే ప్రింటు తీయండి."

జూన్ 23, సోమవారం

ఫోటో దాఖలు చేయడానికి నా సెక్షన్‌లోనే నేను వరుసలో నిలబడ్డాను. స్వీకరించేది మొగిలయ్య. అతను ఫోటోను వెలుతురులో పెట్టి చూశాడు, దూరంగా పెట్టి చూశాడు, జేబులోంచి సర్క్యులర్ తీసి వేలు పెట్టి చదివాడు.

"మచ్చలున్నయ్, మంచిది సార్, నాలుగో నిబంధన పాస్. గని రెండో నిబంధన? మీకు ఇరవై, అమ్మకు ఇరవై నాలుగు పండ్లు కనవడ్తున్నయ్. తీస్కపోండ్రి సార్. నిబంధన నిబంధనే."

న్యాయమైన తిరస్కరణ. నేనైనా అదే చేసేవాణ్ణి.

నా కుర్చీకి వెళ్ళి, ముఖానికి రెండో విడత సన్‌స్క్రీన్ అద్దుకుని, సవరణ ముసాయిదా రాశాను. పై అధికారి చదవకుండానే సంతకం పెట్టారు. మొగిలయ్య మాత్రం నాలుగుసార్లు చదివి, బుచ్చమ్మకు ఫోన్ చేసి, "నవ్వుకో ఇగ నీ ఇష్టం," అన్నాడు. అవతలి నవ్వు గదంతా వినబడింది. నోటీసు బోర్డు మీద జాబితాకు బదులు ఈ సవరణను నేనే స్వయంగా అంటించాను. నకలు ఇక్కడ:

'రెండో నిబంధనకు సవరణ. పందొమ్మిదేళ్ళకు పైబడి పెండింగులో ఉన్న నవ్వుకు గానీ, ఆపుట మానవసాధ్యం కాదని భర్త ధ్రువీకరించిన నవ్వుకు గానీ నోరు మూసి ఉండవలెనను నియమం వర్తించదు. అయితే సదరు నవ్వు, దంపతులిద్దరూ రెండేసి వేళ్ళ సన్‌స్క్రీన్ పూసుకున్న రెండు గంటలలోపు వచ్చినదై ఉండవలెను. గడువు దాటిన నవ్వులను మళ్ళీ పూసుకుని, మళ్ళీ నవ్వి దాఖలు చేయవలెను. ఇదే అంతిమం. దీనిపై అప్పీలు లేదు.'